బలం మాత్రలు

సంయుక్త చిన్నప్పటి నుంచీ పరధ్యానం పిల్ల. గొడుగులూ టిఫిన్ డబ్బాలూ సరే, ఒకసారి ఏకంగా సైకిలునే బజారులో వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. కాకినాడలో డాక్టరు ధ్యాస కుదరడానికి రోజుకో మాత్ర రాశాక గానీ చదువు గాడిన పడలేదు. తల్లి రత్నమాలకు బంధువుల నోళ్లంటే హడలు. "ఎవరైనా అడిగితే బలం మాత్రలని చెప్పమ్మా" అంది. ఆ మాటే సంయుక్త నోటికి అలవాటైపోయింది.

ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చి, నిజాంపేట హాస్టల్లో చేరాక కూడా అదే చెప్పింది. హాస్టల్లో నీదీ నాదీ అంటూ ఉండదు కదా! ఆవకాయ ఎవరింటి నుంచి వచ్చినా సీసాలో అందరి చేతులూ ఉంటాయి. పరీక్షల ముందు రూమ్మేట్ యశస్విని "నాక్కూడ ఒక బలం గోలీ ఇయ్యరాదే" అంటే కాదనలేకపోయింది. ఆ పూట యశస్విని కునుకు తీయకుండా సిలబస్ మొత్తం చదివేసింది. ఇంకేముంది, అందరికీ సంయుక్తే కావాలి! పరధ్యానం పిల్లను అంతకుముందు ఎవరూ అంత ముద్దు చేయలేదు. అవి డాక్టరు చీటీ లేనిదే అమ్మరని ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. జాలి పడాలో, నాలుగు తిట్టాలో!

ఇవాళ పొద్దున పరీక్ష హాలు మెట్ల మీద యశస్విని కూలబడిపోయింది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. సంయుక్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చింది. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో వంట చేసే యశస్విని తల్లి కిష్టమ్మ, కొంగుకు పసుపు మరకలతోనే పరుగెత్తుకొచ్చింది.

"రాత్రంతా చదివిందంటున్నారు, నీరసం కావచ్చు. కానీ గుండె ఇంత వేగంగా ఎందుకు కొట్టుకుంటోంది? మందులేమైనా వాడిందా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేవు సారూ. దోస్తు బలం గోలీ ఇచ్చిందని ఫోన్ల చెప్పింది, గంతే." కిష్టమ్మ సంయుక్త చెయ్యి పట్టుకుంది. "గీ బిడ్డే సారూ. మా పోరికి అక్క లెక్క."

"విటమిన్లయితే ఫర్వాలేదు" అని డాక్టరు తల తిప్పేశాడు.

సంయుక్త డాక్టరు వైపు ఓ అడుగు వేసి ఆగిపోయింది. చెబితే పోలీసులొస్తారా? కాలేజీ నుంచి గెంటేస్తారా? నాన్నకు మొహం ఎలా చూపించాలి? చెప్పకపోతే? కర్టెన్ వెనక యశస్విని మంచం పక్కన యంత్రం ఆగకుండా కూస్తోంది. తను చచ్చిపోతుందేమో!

"అవి బలం మాత్రలు కావండీ" అంది చివరికి. మాత్ర పేరు చెప్పింది. "నిన్న ఒకటి ఇచ్చాను. పొద్దున మళ్లీ అడిగితే ఇంకోటి ఇచ్చాను. తనేమీ తినలేదండీ, కాఫీలే తాగింది."

డాక్టరు నర్సును కేకేసి, లోపలికి పరుగెత్తాడు.

కిష్టమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. కొడుతుందనుకుంది సంయుక్త. కొడితే బాగుండుననీ అనుకుంది. కిష్టమ్మ కర్టెన్ వైపు చూసి, మెల్లగా ఇటు తిరిగింది.

"ఇంకెవ్వలకన్న ఇచ్చినవా బిడ్డా?"

సంయుక్తకు అప్పుడు గుర్తొచ్చింది. పక్క గది ప్రశాంతికి ఇచ్చింది. పొద్దున్నే, యశస్వినితో పాటే. వెంటనే ఫోన్ చేసింది. ఎత్తలేదు.

"పరీక్ష హాల్లో ఉందండీ. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు" అంది కిష్టమ్మ మొహంలోకి చూస్తూ.

"మరి గీడ నిలవడి నా మొకమేం జూస్తున్నవే?" అంది కిష్టమ్మ. "ఉరుకు!"