నిన్నటి పేపరు, ఇవాళ్టి నీళ్లు

మా మామయ్య ముప్పై ఏళ్లు నీటి సరఫరా విభాగంలో వాల్వులు తిప్పారు. ఎవరి అడ్రసు చెప్పినా ముందు ఆ వీధి గొట్టం ఎన్ని అంగుళాలో చెబుతారు. ఆ తర్వాతే ఆయనకు మనిషి గుర్తొస్తాడు.

రిటైరయ్యాక చూపు మందగించింది. మావారు ఈ-రీడర్ కొనిచ్చారు. తెల్లవారుజామున ఐదింటికల్లా మా ఊరి దినపత్రిక వై-ఫైలో అందులోకి వచ్చేస్తుంది. అక్షరాలు బొటనవేలి గోరంత పెంచుకుని, పేజీకి నాలుగు వాక్యాల చొప్పున చదువుకుంటారు. మొదట చూసేది నీటి ప్రకటనలే. "రాజకీయాలు ఎక్కడికి పోతాయమ్మాయ్, సాయంత్రం దాకా అక్కడే పడుంటాయి" అంటారు.

ఆ రోజు ఆరుంపావుకు వంటింట్లోకి కేకేశారు. "మన వైపు ఏమీ లేదు. పట్టుకో."

గిన్నె నిండా పట్టాను. కాచి, చల్లార్చి, ఏడింటికి పాలపొడి కలిపి మా ఎనిమిది నెలల పాపకు తాగించాను. సగం సీసా తాగి నిద్రపోయింది.

ఏడూ నలభైకి కింది వాటా దర్జీ అక్క పేపరు ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"నీళ్లు పట్టేశావా ఏంటి? ఆరింటి నుంచి గొట్టాల్లో బ్లీచింగ్ నింపి కడుగుతున్నారట. మధ్యాహ్నం దాకా కాచి కూడా తాగొద్దని ఇంతింత అక్షరాలతో వేశారు. మీ ఇంట్లో పేపరు నమిలి మింగే పెద్దాయన ఉన్నాడుగా!"

ఈ-రీడర్ లాక్కుని అక్షరాలు తగ్గించాను. పై అంచున తేదీ బయటపడింది. నిన్నటిది. అంత పెద్ద అక్షరాలకు తేదీ పేజీలో పట్టడం లేదు. కాగితమైతే నలిగి, మడతలు పడి పాతదని తెలిసిపోయేది. ఈ తెర ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

ఇవాళ్టి పేపరు ఎందుకు రాలేదో నాకు వెంటనే అర్థమైంది. ఆ వై-ఫై పెట్టె పాపకు మంచిది కాదేమోనని పడుకోబోతూ దాన్ని కట్టేసింది నేనే. నేను చదివింది రసాయన శాస్త్రం. దానివల్ల ఏమీ కాదని తెలుసు. అయినా కట్టేశాను, పొద్దున మళ్లీ వేయడం మర్చిపోయాను.

పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి మామూలుగానే ఉంది. ఎంత మోతాదు కలిపారో తెలియకపోతే నా చదువు లెక్కకు కూడా పనికిరాదు. పాపను ఎత్తుకుని, ఆస్పత్రికి వెళదామని చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"ఆగు. ఎన్నింటికి పట్టావు?" అన్నారు మామయ్య.

"మీరు చెప్పగానే. ఆరుంపావు."

"ట్యాంకు నుంచి మన కొళాయికి యాభై నిమిషాలు పడుతుంది. ఆరింటికి వదిలినా నువ్వు పట్టింది పాత నీళ్లే..." అని ఆగిపోయారు. "అది నా రోజుల్లో లెక్క. లైను మార్చారేమో, నాకు తెలీదు."

తన చోట్లో ఇప్పుడు పనిచేస్తున్న అతనికి స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"గురువుగారూ, చేతులు ఖాళీ లేవు, తర్వాత..."

"మందు ఎన్నింటికి వదిలావురా?"

"ఆరింటికే వదలాలి. బండి ఆలస్యంగా వచ్చింది, ఏడున్నరైంది. ఏం, మళ్లీ డ్యూటీలో చేరతారా?"

మామయ్య నవ్వలేదు. "రిజిస్టరు తీసి చదువు."

చదివాడు. ఏడూ ముప్పై రెండు. నేను చెప్పులు విప్పేశాను.

"నాదే తప్పమ్మాయ్. తేదీ చూడాల్సింది."

"కాదు మామయ్యా. వై-ఫై నేనే కట్టేశాను, పాప కోసమని."

"ఇంత చదువూ చదివి!" అన్నారు.

మిగిలిన సగం సీసా మంచిదేనని అందరికీ తెలుసు. అయినా పారబోశాను. మామయ్య వద్దనలేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి వంటింటి కొళాయి పక్కన వేసుకుని కూర్చున్నారు. పన్నెండు దాటేదాకా ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.