చెట్టెక్కిన కోడలు

షాద్‌నగర్‌కు దగ్గరి ఊర్లె అండాలు ఇల్లు. ఇంటెనుక జాగల ఉన్నది ఒక్కటే చెట్టు, చింతచెట్టు. ఆ చెట్టు మీదనే ఆమె అంగడి నడిచేది. చలి పోంగ పండు, ఎండలు మొదలుగాంగ చిగురు. గంపకెత్తుకొని ఆటోల షాద్‌నగర్ పోతే పొద్దుగూకక ముందే గంప ఖాళీ అయ్యేది. పులుసుకు అండాలు చింతపండు తప్ప వేరేది ముట్టనోళ్ళు ఆ బజార్ల ఇప్పటికీ ఉన్నరు.

ఆమె పెనిమిటి గురవయ్య కల్లు గీసెటోడు. ఒకనాడు తుంపర పడుతాంది. "కల్లుకు మనుషులొచ్చి కూసున్నరు, ఉత్త చేతుల ఎట్ల పంపాలె" అనుకుంట నడుముకు మోకు బిగించి తాటిచెట్టు ఎక్కిండు. తడిసిన చెట్టు, కాలు జారింది. దవాఖానకు తీస్కపోయేదాక గూడ పానం ఆగలేదు. కొడుకు మల్లేష్ అప్పటికి బడికి గూడ పోతలేడు. ఈ ఇంట్ల ఇంకెవ్వరు చెట్టెక్కొద్దని అండాలు ఆనాడే ఖరారు చేసింది. మల్లేష్ పెద్దగై కంపెనీ బస్సు డ్రైవరైండు. చింతపండు దులపాలన్నా కింద నిలబడి పొడుగు కట్టెతోనే దులిపేది.

తెలంగాణ వచ్చినంక మల్లేష్ పెండ్లైంది. కోడలు కోమల తండ్రిది గూడ గీత పనే. అన్నదమ్ములు లేని ఇంట్ల పుట్టి, బాపు ఎనుక తిరిగి తిరిగి చెట్లెక్కుడు నేర్సిన పిల్ల. కొన్నాళ్ళు కంపెనీల డబ్బాలు కట్టే పనికి పోయింది. అది నచ్చక ఊరి బయట ఫాంహౌజుల కాడ మొక్కలమ్మే నర్సరీల చేరింది. అక్కడ దివాకర్ సారని ఒకాయన పెద్ద చెట్లకు వైద్యం చేసేటోడు. తాడు కట్టుకొని ఎక్కుడు, ఎండిన కొమ్మలు పద్ధతి ప్రకారం కోసుడు, బరువు తగ్గిచ్చుడు ఆయన దగ్గర నేర్సుకున్నది.

ఒకరోజు ఆ సంగతి అత్తకు చెప్పింది. అండాలు ఆ పూట బువ్వ తినలేదు. తెల్లారి మాత్రం ఒక్క మాటన్నది.

"నీ పని నీ ఇష్టం బిడ్డా. నా కండ్ల ముందట మాత్రం చెట్టెక్కకు."

కోమల సరేనన్నది. ఏండ్లు గట్లనే నడిచినయి.

చింతచెట్టుకు ఏదో అయితాందని మొదలు పసిగట్టింది అండాలే. ఒక వానకాలం చెట్టు మొదట్ల, వేర్ల సందున పళ్ళేల లెక్క పుట్టగొడుగులు మొలిచినయి. గీకి పారేసింది. మళ్ళ మొలిచినయి. చలికాలం వచ్చేసరికి పక్కింటి దిక్కు ఒరిగిన పెద్ద కొమ్మ కింద సన్నటి పొడి రాలుడు మొదలైంది. ఆ దిక్కు కాయలు గూడ సన్నగ, వంకరపోయి వచ్చినయి. ఎండలు ముదిరినంక చెట్టంత ఎర్రటి చిగురేస్తే ఆ కొమ్మొక్కటి బోడిగ నిలబడ్డది. కొమ్మ చీలే కాడ చెయ్యి పట్టేంత నెర్ర.

ఆ కొమ్మ కిందనే పక్కింటి గోపయ్య గొర్ల కొట్టం. గోపయ్యకు భయమున్నా బయటికి చెప్పలేదు. ఆయన భార్య గుర్వమ్మ గోడ మీదికెల్లి అన్నది, "వదినె, గాలిదుమారాల దినాలొస్తున్నయి. మా గొర్లకేమన్న అయితే మనం మనం మాటలనుకోవాలె. కొట్టిచ్చరాదు?"

"చూస్తనే ఉన్న గుర్వమ్మా. ఇది పసుపు పెడితే తగ్గే నొప్పి గాదు. తెలిసినోళ్ళను పిలుస్త."

కట్టె కోసేటోడు ఒకడు మిషన్ రంపం పట్టుకొనొచ్చిండు. వాడు తలెత్తి పైకి గూడ చూడలేదు. మొదలును కాలుతోటి తన్ని, "మొత్తం లేపేద్దాం పెద్దమ్మా, కట్టె నేనే తీస్కపోత" అన్నడు. రోగమున్నది ఒక కొమ్మకైతే మనిషిని మొత్తం పాతిపెడుతమా అనుకున్నది అండాలు. చాయ తాపిచ్చి పంపించింది.

ఆ మాపు కోమల నిమ్మళంగ కదిలిచ్చింది.

"అత్తమ్మా, తెలిసినోళ్ళను పిలుస్తనంటివి. నేను చేసేది గదే పని గదా."

అండాలు లేచి పొయ్యి కాడికి పోయింది. మరునాడు మాత్రం, కోమల ఆ దినం చెట్టు పనికి పోయిన ఫాంహౌజుకు ఆటోల పోయింది. వస్తున్నట్టు ఎవ్వరికీ చెప్పలేదు. గేటు కాడ నిలబడ్డది.

లోపట పెద్ద మర్రిమాను అంత నిద్రగన్నేరు. కోమల నెత్తికి టోపీ పెట్టుకొని, నడుముకు బెల్టు కట్టుకొని తయారున్నది. తాడును కొమ్మ మీదికి విసిరి, బరువంత ఏసి గుంజి చూసింది. మళ్ళ గుంజింది. అంతల మబ్బు కమ్మింది, గాలి లేచింది. కోమల తలెత్తి ఆకుల దిక్కు కొంచెంసేపు చూసి, నడుము బెల్టు ఇప్పేసింది.

ఇంటాయన బయటికొచ్చిండు. "ఏమ్మా, రేపు మా ఇంట్ల ఫంక్షను. ఇయ్యాల అయిపోవాలె."

"గాలున్నది సార్. ఇయ్యాల ఎక్క."

"ఇంకోళ్ళను పిలుస్త మరి."

"పిలువుండ్రి సార్. వాళ్ళను గూడ గాలి తగ్గినంకనే ఎక్కమనుండ్రి."

అండాలు గేటు పట్టుకొని అట్లనే నిలబడ్డది. గురవయ్య చేయి తిరిగిన పనోడే. ధైర్యం గూడ తక్కువేమి గాదు. కల్లుకొచ్చి కూసున్నోళ్ళకు లేదని చెప్పేందుకే ఆయనకు నోరు రాలేదు. ఈ పిల్లకొచ్చింది. అండాలు కండ్లు తడిసినయి, ఎన్నడూ లేనంత నిమ్మళం గూడ అయింది. బయటికొస్తున్న కోమల అత్తను చూసి బెదిరింది.

"అత్తమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్?"

"పా బిడ్డా, ఇంటికి పోదాం. మన చెట్టు గూడ నువ్వే చెయ్యాలె. గాలి లేని దినం చూసుకో."

దివాకర్ సారును గూడ కోమలనే తోల్కొచ్చింది. ఆయన చెట్టు మొదలు చుట్టూ సుత్తెతో కొట్టి చూసి, ఒక దిక్కు వేర్లు మురిగినయని, ఆ దిక్కు బరువు తగ్గిస్తే చెట్టు నిలబడుతదని చెప్పిండు. నెర్రవడ్డ కొమ్మకు మాత్రం మందు లేదు, తీసేసుడే.

గాలి లేని దినం దొరికింది. గోపయ్య గొర్లను పొద్దుగాలనే చేన్లకు తోలొచ్చిండు. వాడకట్టు ఆడోళ్ళంత గోడల పొంట నిలబడ్డరు. "ఆడమనిషి చెట్టెక్కుడేంది" అని ఒకామె గొణిగింది. అండాలు అటు తిరిగి, "జర చప్పుడు చెయ్యకుండ్రి, నా కోడలు పని చేస్తాంది" అన్నది.

కోమల ఎక్కింది. అండాలు కన్ను తిప్పలేదు. కోమల కొమ్మనంత ఒక్కసారి నరకలేదు. చివరల నుంచి ముక్కలు ముక్కలుగ కోసి, ఒక్కో ముక్కను తాడుకు కట్టి దించింది. కింద తాడు పట్టింది మల్లేష్, గోపయ్య. కొట్టం రేకు మీద పుల్ల గూడ పడలేదు. ఆఖరి ముక్క దించి కోమల కిందికొచ్చేసరికి గొణిగిన ఆమెనే చెంబుతో నీళ్ళందిచ్చింది. అండాలు కొంగుతో కోడలు మొకం మీది రంపపు పొడి తుడిసింది.

పది దినాలు తిరగకముందే గాలిదుమారం రానే వచ్చింది. ఊర్లె రెండు కరెంటు స్తంభాలు ఒరిగినయి, బడి ముందటి గుల్మోహర్ చెట్టు అడ్డం పడ్డది. చింతచెట్టు ఊగి ఊగి నిలబడ్డది. తెల్లారి గోపయ్య కొట్టంల గొర్లను లెక్కవెట్టుకొని, గోడ కాడికొచ్చి, "చెల్లె, నీ కోడలు బతికిచ్చింది" అన్నడు. చెట్టునా, గొర్లనా అని అండాలు అడగలేదు. రెండూ నిజమే గదా.

మరుసటి యాడాది పండు తక్కువొచ్చింది. బజార్ల పాత గిరాకి ఒకామె గంపల చూసి, "గిన్నే ఉన్నయేంది అండాలూ?" అని అడిగింది.

"కొమ్మ తీసేసినం. ఉన్న చెట్టు గట్టిగున్నది."

"ఎవరు కోసిండ్రు? మా మామిడిచెట్టుకు గూడ బంక కారుతాంది, ఎవరిని పిలవాల్నో తెలుస్తలేదు."

అండాలు కొంగు సదురుకొని నిటారుగ కూసున్నది. "మా కోడలు కోసింది. కోమల. తాడు కట్టుకొని తనే ఎక్కుతది. గాలుంటే మాత్రం ఎవ్వరు చెప్పినా ఎక్కదు."

ఇప్పుడు ఎవలింట్ల చెట్టు బాగలేకున్నా మొదలు అండాలునే పిలుస్తరు. ఆమె చెట్టు చుట్టూ తిరిగి, మొదలు చూసి, తలెత్తి చిగుర్లు చూస్తది. కొన్నిటికి "దీనికి పాదు చేసి నీళ్ళు పోస్తే సాలు" అని చెప్తది. కొన్నిటి కాడ మాట్లాడకుండ సెల్లు తీస్తది. జర సేపటికి కోమల స్కూటీ చప్పుడు వినొస్తది.