మామ అరచేయి

ధర్మవరంలో మా మేనమామ పట్టుచీరలు నేసేవాడు. ఒకసారి బీడీ నిప్పురవ్వ పడి మగ్గం మీది పడుగు దారాలు కాలాయి. ఆ రోజే బీడీ మానేసి, హిందూపురంలో ఎవరో చాటుగా అమ్మే ఎలక్ట్రానిక్ సిగరెట్ తెచ్చుకున్నాడు. ఇక మగ్గం దిగకుండానే పీల్చేవాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే అరచేతిలోకి ఊది, మన ముందు చాపేవాడు.

"చూడబ్బా, తడి. నిప్పు యాడుండాది? ఉత్త నీళ్ల ఆవిరి."

నేనూ నమ్మాను.

ఆ సిగరెట్‌లో పోసే మామిడి వాసన మందు సీసాను కండెల బుట్టలోనే పెట్టేవాడు. ఆ బుట్టలోంచి దారం చుట్టిన కండెలు తాతకు అందించడం మామ మనవరాలు, మూడేళ్ల పాప ఆట.

ఒక మధ్యాహ్నం మామ కండె కోసం చేయి వెనక్కి చాపాడు. కండె రాలేదు. తిరిగి చూస్తే పాప వాంతి చేసుకుంటోంది. పక్కనే మూత ఊడిన సీసా.

ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఏం తాగింది? తొందరగా చెప్పండి," అంది నర్సు.

"ఏం లేదమ్మా, నీళ్ల..." అంటూ ఉండగానే మామ అరచేయి నా నోరు మూసింది.

"కాదమ్మా, పొగాకు విషం. సీసా మీద పుర్రె బొమ్మ ఉండాది. కొన్న రోజే చూసినా."

పాప దక్కింది. ఆ అరచేతిని మామ మళ్లీ ఎవరి ముందూ చాపలేదు.