దివాలా కాగితంలో కుట్టుమిషను

దివాలా అనే మాటను మా ఇంట్లో నాయిన తలుపు వేసి మరీ అన్నాడు. వీధిలో వినబడితే ఇక ఎవరూ కుట్టడానికి బట్ట ఇవ్వరని ఆయన భయం. తలుపు వేసినందుకే నాకు రెట్టింపు భయం వేసింది.

యుద్ధం రోజులు. నాయిన అమీర్‌పేటలో దర్జీ. ఒక సేటు దగ్గర తానులు అరువు తెచ్చి, ఒక గుత్తేదారుకు ఖాకీ చొక్కాలు కుట్టి ఇచ్చాడు. గుత్తేదారు చొక్కాలతో సహా మాయమయ్యాడు. సేటు అదాలతుకెక్కి గెలిచాడు. బాకీ కట్టకపోతే నాయినను జైల్లో వేయించవచ్చట. దివాలా దరఖాస్తు పెట్టుకుంటే జైలు తప్పుతుందని ఒక వకీలు చెప్పాడు. అయితే ఇంట్లో ఉన్నదంతా, చెంచాతో సహా, జాబితా రాసివ్వాలి. ఒక్కటి దాచినట్టు తేలినా దరఖాస్తు కొట్టేస్తారు. నాయిన అన్నీ రాసిచ్చాడు గానీ, అట్లా రాసిచ్చిన సంగతి అవ్వకు (అమ్మను మేం అవ్వ అనేవాళ్లం) ఒక్క ముక్క చెప్పలేదు. ఆడవాళ్లకు అదాలతు గొడవలెందుకని కాబోలు. మగవాళ్లకు ఈ జబ్బు ఎప్పుడూ ఉన్నదే.

అవ్వకు తెలిసిందల్లా జప్తుకు వస్తారని. నాయిన అదాలతుకు పోయిన పొద్దున, చేత్తో తిప్పే మా కుట్టుమిషనును బొంతలో చుట్టి నెత్తిన పెట్టుకుంది. దారపు ఉండల సంచి పట్టుకుని నేను వెనక నడిచాను. పంజాగుట్టలో పెద్దమ్మ ఇంట్లో వడ్ల గుమ్మి వెనక పెట్టి వచ్చాం. ఎవరైనా అడిగితే అమ్మేశామని చెప్పాలని దారంతా నాతో వల్లె వేయించింది.

మధ్యాహ్నం నాయిన వెంట, జప్తులు చూసే అదాలతు అమీను వచ్చాడు. కాగితం చూసి ఒక్కో సామాను పక్కన గీత పెడుతున్నాడు. బిందెలు, గొంగడి, కత్తెర. కుట్టుమిషను అని చదివి తలెత్తాడు. నాయిన మూలకు చెయ్యి చూపించబోయి, అది ఖాళీగా ఉండటం చూసి ఆగిపోయాడు. మిషను ఏదని అమీను నన్నే అడిగాడు.

"అమ్మేసినం," అన్నాను. నేర్చిన పాఠం ఎక్కడా తడబడలేదు.

దరఖాస్తు పెట్టినంక అమ్మితే జైలు తప్పదంటూ అమీను ఆ మాట కాగితం మీద రాయబోయాడు. నాయిన గోడకు జారగిలబడి కూలబడ్డాడు. నా మాట వల్లే ఆయన జైలుకు పోతున్నాడని అర్థమైంది. నిలబడ్డ చోటే పరికిణీ తడిసిపోయింది.

అవ్వ అడ్డం వచ్చింది. "పొల్ల తప్పు లేదు సాబ్. నేనే దాచిన. తెస్త, జర ఆగుండ్రి."

ఆయన ఆగాడు. పంజాగుట్ట దాకా ఎట్లా ఉరికామో, మిషను ఎట్లా మోసుకొచ్చామో గుర్తు లేదు. మేం వచ్చేలోపు రాసేసి పోతాడేమోనన్న భయం ఒక్కటే గుర్తుంది. ఈసారి వీధి వీధంతా చూసింది.

అమీను మిషను చక్రం ఒకసారి తిప్పి చూసి కాగితం మీద గీత పెట్టాడు. "దర్జీ మిషను, నేతగాని మగ్గం ఎవ్వరు తీస్కపోరమ్మా. బతుకుదెరువు సామాన్లకు కానూన్ల మాఫీ ఉన్నది. దాస్తెనే జైలు. వకీలు చెప్పలేదా?"

వకీలు చెప్పాడు. నాయినకు తెలుసు. అమీను వెళ్లిపోయాక అవ్వ బొంత మడతపెట్టసాగింది.

"చెప్తే భయపడ్తవనుకున్న," అన్నాడు నాయిన.

"చెప్పకనే గదా గింత భయపడ్డ," అంది అవ్వ. బొంతలో మొహం పెట్టుకుంది. "ఇంక జరైతే గీ పొల్ల నోటితోనే నిన్ను జైలుకు పంపుతుంటి."