అత్తమ్మ కోసం మామ అడిగిన ప్రశ్న

మా మామ, అంటే నా భర్త తండ్రి, పోయిన వారం ఆర్మూర్‌లో మా ఇంట్లోనే కన్నుమూశారు. కబురు తెలిసి వచ్చిన పసుపు వ్యాపారులు వాకిట్లో కూర్చుని ఆయన మాటలు ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. మాకది తప్పనిపించలేదు. ఆయన ఉన్నచోట మనుషులు ఎప్పుడూ అలాగే కూర్చునేవారు.

ఆయన పసుపు మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు. ఏ రైతు వచ్చినా ముందు "తిన్నవా?" అని అడిగి, తర్వాతే బస్తా వైపు చూసేవారు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు ఆ మాట ఎత్తడానికే మేమందరం మొహమాటపడ్డాం. ఆయన మాత్రం, "రోగం చెప్పుకునేందుకు సిగ్గేంది బిడ్డా? నాతోని రా," అని హైదరాబాద్ దవాఖానకు నన్నే తోడు తీసుకెళ్లారు.

మొదటి వైద్యాలు పనిచేయకపోవడంతో రేడియేషన్ మందును నరంలోకి ఎక్కించారు. అది ఒళ్లంతా తిరిగి, క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక గుర్తును పట్టుకుని, వాటికి అతుక్కుని, దగ్గర నుంచే దెబ్బతీస్తుందట. ఎక్కించాక కొన్నాళ్లు పిల్లలకు దూరంగా ఉండమన్నారు. ఆయన గదిలో కూర్చుని, వాకిట్లో ఉన్న మనవరాలితో పచ్చీసు ఆడారు. గవ్వలు గదిలోనే వేసి, పడిన పందెం కేకేసి చెప్పేవారు. ఎప్పుడూ పెద్ద పందెమే.

"తాతా, నువ్వు దొంగాట ఆడుతున్నవ్."

"వచ్చి సూడు మరి," అనేవారు, పిల్ల తన దగ్గరికి రాకూడదని తెలిసే.

నొప్పులు తగ్గాయి. ఆ పసుపు సీజనంతా మార్కెట్లోని తన దుకాణానికి వెళ్లారు. తర్వాత పరీక్షల్లో రోగం మళ్లీ పెరుగుతోందని తెలిసింది.

అత్తమ్మ కుంగిపోయింది. తన చెల్లెలి ఇంట్లో పెళ్లికి నందిపేట్ వెళ్లినప్పుడు ఆయనకు రోజూ ఇచ్చే పసుపు పాలు తప్పాయి. అందుకే రోగం తిరగబెట్టిందని నాతో చెప్పుకుని ఏడ్చింది. నేను మామకు చెప్పాను. తర్వాతిసారి దవాఖానకు వెళ్లేటప్పుడు ఆయన ఆమెను కూడా కారెక్కించారు.

"డాక్టరమ్మా, మొదలు పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచేస్తలేదు? జర మా ఇంటామెకు సమజయ్యేటట్టు చెప్పు," అని అడిగారు.

"కణాలన్నీ ఒక్క తీరుగ ఉండవమ్మా," అంది డాక్టరమ్మ. "కొన్నిటి మీద మందు పట్టుకునే గుర్తు ముందే తక్కువుంటది. కొన్ని మధ్యల పోగొట్టుకుంటయి. మందు వాటిని గుర్తుపట్టదు. ఇంకొన్ని రేడియేషన్ తగిలినా ఆ దెబ్బను బాగుచేసుకుని బతుకుతయి. తక్కినవి చచ్చినంక గవే పెరుగుతయి."

"పసుపు పాలు తాగకపోతే గిట్ల అయితదా?" అని మామే మళ్లీ అడిగారు.

"కాదు. ఇంట్ల ఎవరి తప్పూ లేదు."

మామ అత్తమ్మ వైపు తిరిగి, "విన్నవా? ఇగ ఆ పాలు తాగుమని నన్ను సతాయించకు," అన్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. తిరుగుదారిలో డిచ్‌పల్లి దగ్గర కారాపించి ఇద్దరూ మిర్చి బజ్జీలు తిన్నారు.

డాక్టర్లు మందులు మార్చారు. ఇంకొన్ని నెలలు దక్కాయి. "ఇన్నేండ్లు పసుపు మీదనే బతికినం, నువ్వు మార్కెట్ సూడనేలేదు," అని ఒకరోజు పట్టుబట్టి ఆమెను వెంటబెట్టుకుపోయారు.

ఎండలో పసుపు రాశుల మధ్య రెండు కుర్చీలు వేయించారు. హమాలీలు బస్తాలు కుమ్మరిస్తుంటే లేచిన దుమ్ముకు అత్తమ్మ తుమ్ముతూనే ఉంది, ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆమె కొంగుతో ఆయన కళ్లద్దాలు తుడవబోయింది. కొంగు నిండా పసుపే. తుడిచేకొద్దీ అద్దాలు ఇంకా పచ్చబడుతున్నాయి. ఆయన ముఖం ముందుకు చాపి, కళ్లు మూసుకుని, తుడవనిస్తున్నారు.