లీలమ్మ పరిచిన గడ్డి

సంగారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా చేసినన్నాళ్లూ లీలమ్మ బతుకంతా సిమెంటు గచ్చు మీదనే గడిచింది. పాత డబ్బాల్లో కొత్తిమీర, పగిలిన బకెట్లో కలబంద, అదే ఆమె తోట. అందుకే రిటైరయ్యాక పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నప్పుడు, ముందర జాగంతా మట్టిగనే ఉండాలని భర్త అహరోనుకు తెగేసి చెప్పింది.

చలి తగ్గి మోదుగలు పూస్తున్న రోజులు. రాళ్లు ఏరించి, నేల తవ్వించి, ట్రాక్టర్ నడిపే బాలరాజ్‌కు మట్టి కావాలని చెప్పింది. అతను నల్లటి మట్టి తెచ్చి పోశాడు. "చెరువు మట్టి ఆంటీ. ఎరువు గూడ అక్కర లేదు." నర్సరీ నుంచి గడ్డి చాపలు తెప్పించి పరిచింది, కాళ్లతో అదిమింది, అంచుల్లో మందారాలు నాటింది, పొద్దుమాపూ నీళ్లు పట్టింది.

గడ్డి విరగబడి పెరిగింది. కాలనీలో అందరి లాన్లూ ఎండకు పసుపు తిరుగుతుంటే, లీలమ్మది నల్లగా కనిపించేంత పచ్చగా ఉండేది. నీళ్లు పట్టని రోజు కూడా వాడేది కాదు.

ఒక పొద్దున కలుపు తీద్దామని పీట వేసుకొని కూర్చుంది. కలుపన్నదే లేదు. వేళ్లతో గడ్డి పాయలు తీసి చూసింది. చీమ లేదు, వానపాము లేదు. మందారం మీద ఒక్క సీతాకోకైనా వాలలేదు. పక్కింటి గోడ మీద పిచ్చుకలు గొడవ పడుతున్నాయి, ఒక్కటీ ఇటు దిగదు.

"మంచిదే గద. దోమలు గూడ లేవు" అన్నాడు అహరోను, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె పిడికెడు నూకలు చల్లింది. మర్నాటికీ అట్లనే ఉన్నాయి. బెల్లం ముక్క పెట్టింది. అది ఎండకు కరిగి గడ్డిలో ఇంకిపోయింది గాని దాన్ని ముట్టిన పురుగు లేదు.

పాలు పోసే సోమమ్మ వెంట దూడ వచ్చేది. గేటు తీసి ఉండేసరికి ఆ రోజు లోపలికి ఉరికింది. గడ్డి అంచున ఆగి, మూతి వంచి వాసన చూసింది. తర్వాత ఒక్కో కాలూ వెనక్కి వేస్తూ జరిగింది, చూపు మాత్రం గడ్డి మీద నుంచి తిప్పలేదు.

సోమమ్మ మొహం పాలిపోయింది. "అక్కా, ఏం మట్టి పోసినవే ఇది?" పాల గిన్నె గేటు బయటే పెట్టి వెళ్లిపోయింది.

లీలమ్మ మూలనున్న గడ్డి చాప ఎత్తింది. వేర్లు కిందికి దిగనే లేదు. ఒకదాన్నొకటి పట్టుకొని, మట్టికి తగలకుండా పక్కలకు పాకాయి. కింద మట్టి గోరువెచ్చగా, నీలి పొర తేలి ఉంది. బ్యాటరీ దుకాణం వాసన. బతుకంతా ఫ్యాక్టరీలో పనిచేసిన అహరోను దగ్గరికొచ్చి ముక్కు పెట్టాడు.

"ఇది చెరువు మట్టి గాదు, ఫ్యాక్టరీలోల్లు పారబోసే మడ్డి. చేతులు కడుక్కో. జల్దీ!"

పిలిపిస్తే బాలరాజ్ వచ్చి నెత్తి గోక్కున్నాడు. "రోడ్డు పక్కన కుప్ప పోసి ఉండె ఆంటీ. ఎవరు పోసిన్రో నాకేం తెలుసు?" అదంతా ఎత్తి తీసుకపోతూ, "దూరం పోయి పోస్త, పరేషాన్ గాకున్రి" అన్నాడు. పీడ వదిలిందన్న సంతోషంలో ఆమె ఎక్కడని అడగలేదు.

ఎండలు ముదిరాక, కర్దనూర్‌లో చుట్టాల పెండ్లికి పోతుంటే ఆటోలోంచి కనపడింది. కొత్త ఇంటి ముందు, చుట్టూ అంతా మాడిపోయి ఉండగా, అదే నల్లటి పచ్చదనం. లీలమ్మ ఆటో ఆపించి గేటు తట్టింది.

ఇంటామె నిషిత నవ్వుతూ వచ్చింది. గడ్డి నడుమ ఆమె కూతురు, పాకే వయసు పిల్ల, పిడికిలి చీక్కుంటూ కదలకుండా కూర్చుంది.

"ఈడ కూసోపెడితే అస్సలు ఏడ్వదాంటీ."

లీలమ్మ చెప్పులతోనే గడ్డి తొక్కుకుంటూ పోయి పిల్లను ఎత్తుకుంది. "నల్లా ఏడుంది బిడ్డా? ముందుగాల చేతులు, నోరు కడుగు. అన్నీ తర్వాత చెప్త. దవఖానకు గూడ నేనొస్త."

చల్లటి నీళ్లు తగలగానే పిల్ల గొంతు చించుకొని ఏడ్చింది. ఆ ఏడుపుకు లీలమ్మ ప్రాణం కుదుటపడింది. కొంగుతో పిల్ల మూతి తుడిచి, ఫోన్ తీసి బాలరాజ్‌కు కలిపింది.

"ఇంకా ఎవరెవరింట్ల పోసినవురా?"