ముచ్చికలు తీస్తూ ఏడవండి

హనుమాయమ్మకి గర్భసంచిలో క్యాన్సరనీ, ఆపరేషన్ చేసి తీసేస్తారనీ తెలిసింది మొదలు, చుట్టాలంతా బత్తాయిలు పట్టుకొచ్చి ఆమె ముందు ఘొల్లుమంటున్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎండుమిరపకాయల గోతాం తెచ్చి వాళ్ళ మధ్య కుమ్మరించింది.

"ఏడిస్తే ఏడిచారుగానీ, ముచ్చికలు తీస్తూ ఏడవండి!"

వదినగారైతే తుమ్ముల్లో పడి ఏడుపే మర్చిపోయింది. తొడిమలన్నీ ఊడి, ఏడాది కారానికి సరిపడా కాయ తయారైంది.

ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం హనుమాయమ్మ వసారాలో ఒక్కతే కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. పొలం నుంచి వచ్చిన మొగుడు వీరరాఘవులు చూశాడు.

"ఏందే, ఏడుస్తున్నావా?"

"నేనెందుకు ఏడుస్తాను? కాయల ఘాటు."

ఆమె ముందు ఒక్క కాయ కూడా లేదు. వీరరాఘవులు లోపలికెళ్ళి, అమ్మకానికి ఉంచిన గోతాం మోసుకొచ్చి కుమ్మరించి, తనూ పక్కన చతికిలబడ్డాడు.